దర్జీ అత్తయ్య సైకిలు

వీధిలో అందరికీ ఆవిడ దర్జీ అత్తయ్య. పెళ్లయిన నాటి నుంచి కుట్టుమిషను తొక్కుతూనే ఉంది. "ఇంత తొక్కుడూ ఏ సైకిలు మీదో తొక్కుంటే ఈపాటికి భూమి చుట్టి వచ్చేదాన్ని. ఇక్కడ జానెడు కదిలింది లేదు" అని భర్త దగ్గర వాపోయేది. చిన్నప్పుడు అన్నయ్య తన సైకిలు ముట్టుకోనివ్వలేదు. ఆ కోరిక యాభై దాటినా చావలేదు.

మేడ మీద అద్దెకున్న మాస్టారు ఇల్లు మారుతూ పాత సైకిలొకటి వదిలేసి వెళ్లారు. భర్త దాన్ని పాత ఇనుముకి వేద్దామంటే ఆవిడ హ్యాండిలు పట్టుకుని వదల్లేదు.

మర్నాటి నుంచి కొట్టు తెరిచే ముందు దాన్ని వీధి చివరిదాకా నడిపించుకుని వెళ్లిరావడం మొదలుపెట్టింది. ఎక్కేది కాదు. ఊరికే పక్కన నడిచేది.

"ఏంటే, మేతకి తోలుకెళ్తున్నావా?" అన్నాడు భర్త.

"అలవాటు పడనివ్వండి. నాకూ, దానికీ."

వాన పడినా, చుట్టాలొచ్చినా ఆ నడక మానలేదు. కొన్నాళ్లకి ఒక కాలు పెడలు మీద పెట్టి, రెండో కాలితో నేలను తన్నుకుంటూ సాగింది. ఆ తర్వాత సీటెక్కింది. మోకాళ్లు చెక్కుకుపోయాయి. వీధి నవ్వి నవ్వి అలిసిపోయి తన పని తాను చూసుకుంది.

ఒకరోజు పొద్దున్నే రెండు కాళ్లూ పెడళ్ల మీదే నిలిచాయి. సైకిలు కదిలింది. ఆవిడ గుండె దూదిపింజెలా తేలిపోయింది. తీరా చూస్తే ఎదురుగా పల్లం!

మిషను ఆపాలంటే కుడిచేత్తో పక్కనున్న చక్రాన్ని పట్టుకోవడం ఆవిడ అలవాటు. ఆ చెయ్యి దానంతటదే గాల్లోకి లేచి చక్రం కోసం తడుముకుంది.

కొట్టు ముందు నిలబడ్డ ఒకావిడ కేకేసింది. "అత్తయ్యా, మా పాప గౌను!"

"సాయంత్రం ఇస్తా!" అంటూ ఆవిడ దూసుకుపోయింది.

భర్త నోట్లో బ్రష్షుతోనే వెనకాల పరిగెత్తాడు. "బ్రేకు పట్టవే!"

"అదెక్కడుంది?"

జవాబొచ్చేలోపే పరుపులు కుట్టేవాడి కొట్టు ముందున్న దూది కుప్పలోకి సైకిలూ ఆవిడా కలిసి దూరిపోయారు. కాసేపటికి తెల్లటి జుట్టుతో, తెల్లటి కనుబొమలతో ఒక తల పైకి లేచింది.

"దెబ్బ తగిలిందా?" భర్త ఆయాసపడుతూ వచ్చాడు.

"అది తర్వాత. మీరు నన్ను అందుకోలేకపోయారు, చూశారా!"

మర్నాడు బ్రేకుతో పాఠం మొదలైంది. ఇప్పుడు కుట్టిన బట్టలు ఆవిడే ఇంటింటికీ ఇచ్చొస్తోంది. వెనక క్యారేజీ మీద సంచీ ఒళ్లో పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని భర్త కూర్చుంటాడు.