మ్యూట్‌లో మోగిన పాట

వినకుండానే ఒక పాటను గెలిపించవచ్చని మీరు నమ్ముతున్నారా?

రిటైరవడానికి ముందు సంవత్సరం, అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్‌లో మా ఇంటి నుంచే ఒక చార్టుల సంస్థకు డేటా ఆడిటర్‌గా పనిచేసేదాన్ని. వారం వారం ఏ పాట ఏ స్థానంలో ఉందో ప్రకటించే సంస్థ అది. రేడియో, అమ్మకాలు, స్ట్రీమింగ్ లెక్కలు చేరాక, మనుషులు విననివాటిని ఏరివేయడం నా పని.

ఆ వేసవిలో ఒక కంట్రీ పాట, అంటే అమెరికా పల్లె బాణీలోది, పాప్ చార్టులోకి దాటే దశకు వచ్చింది. క్రాస్ఓవర్ అంటారు, కొత్త గాయనికి అది దక్కడం అరుదు. పాడింది మా ఊరి తెలుగు చర్చిలో పెరిగిన గ్రేస్. ఉన్నట్టుండి కమ్మింగ్‌లో ఆ పాట ఆగకుండా మోగసాగింది. అన్ని ఫోన్లలోనూ శబ్దం సున్నా! గాయని పక్షం చేయించిందని తేలితే పాటను ఆ వారం చార్టు నుంచే తీసేస్తారు.

గ్రేస్ నాకు తెలుసునని పై అధికారి లిండాకు చెప్పి, తీర్పు నుంచి తప్పుకున్నాను. విషయం కనుక్కు రమ్మని మాత్రం ఆమె నన్నే పంపింది.

చర్చి పెద్ద రత్నంగారు ఏమీ దాచలేదు. గొలుసు ప్రార్థనకు గంటలు పంచుకున్నట్టే పాటకూ ఇంటింటికీ వంతులు వేశారట.

“మ్యూట్‌లో ఎందుకండీ?”

“సౌండ్ పెడితే ఇంట్లో ఉండగలమా అమ్మా? ఆ ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమైతేగా! అయినా ప్రార్థననే నమ్మనిదానివి, నీకేం చెప్పను?”

“ప్రార్థన సంగతి మీరు చూసుకోండి. ఇక్కడ ఆ పిల్ల ఇరుక్కుంటుంది.”

ఆయన ముఖం మారింది. “గ్రేస్‌కి తెలియదమ్మా. సర్‌ప్రైజ్ చేద్దామనుకున్నాం.” లిండాకు తానే ఫోన్ చేసి అదే మాట చెప్పారు.

విషయం తెలిసి సాయంత్రం గ్రేస్ నాకు ఫోన్ చేసింది. “ఆంటీ, వాళ్ళని తిట్టకండి, ప్లీజ్. లవ్‌తో చేశారు.”

లిండా ఖాతాలన్నీ సరిచూసింది. అన్నీ నిజమైన కుటుంబాలవే. గాయని పక్షం నుంచి ఏ సూచనా వెళ్ళలేదు. మ్యూట్‌లో మోగినవి కొట్టేసి, పాటను ఉంచింది. అది పాప్ చార్టు అడుగున చేరింది. ఆ చోటు ఇచ్చింది కార్లలో, వంటిళ్ళలో నిజంగా విన్న పరాయివాళ్ళు. ప్రార్థన ఫలించిందని చర్చిలో చెప్పుకున్నారు.

వాళ్ళ అభిమానాన్ని నేను శంకించను. కానీ పూజైనా, ఓటైనా, చప్పట్లైనా మొక్కుబడిగా చేసినదాన్ని జనాభిప్రాయంగా లెక్కించకూడదని ఆ ఉదంతం నాకు నేర్పింది.

మీవాళ్ళ పాట వచ్చిందా? కూర్చుని చివరిదాకా వినండి. నచ్చితే ఇంకొకరికి వినిపించండి. నచ్చకపోతే ఆపేసి, ఆ మాట పాడినవాళ్ళకే చెప్పండి.