గోడ మీద నీలం చెయ్యి

కృష్ణగిరి బస్టాండు పక్కన పుస్తకాల అంగట్లో మా అమ్మాయికి రంగు కాగితాలు కొంటున్నాను. అంగడాయన కట్ట విప్పగానే కొత్త రంగూ జిగురూ కలిసిన ఆ వాసన గుప్పుమంది. పైనున్న నీలం కాగితం చూసేసరికి, పద్దెనిమిదేళ్ల కిందట, తరగతి గదిలో నా ముందు నిలబడి తెల్లబోయిన సుగుణ టీచరు ముఖం కళ్ల ముందుకొచ్చింది.

అప్పుడు మేము హోసూరు పక్కన మూకండపల్లిలో ఉండేవాళ్లం. నేను తెలుగు బడిలో నాలుగో తరగతి. సుగుణ టీచరు రోజూ బేరిగై నుంచి బస్సులో వచ్చేది. ఆమె గొంతు పెద్దది, కోపం అంతకన్నా పెద్దది. ఒకరోజు ఏదో పాత పత్రికలోంచి కత్తిరించిన ఫోటో తెచ్చి చూపించింది. అందులో ఒక విదేశీ ముసలాయన మంచం మీద కూర్చుని, పెద్ద కత్తెరతో రంగు కాగితాలు కత్తిరిస్తున్నాడు. "ఈయప్ప లోకమంతా పేరున్న చిత్రకారుడు. జబ్బు చేసి నిలబడి బొమ్మలెయ్యలేకపోయినాడు. అయినా ఊరికే పడుకోలేదు, కత్తెర పట్టినాడు" అంది. మేమూ అలాగే చెయ్యాలట. మాకు ఇష్టమైనవాళ్ల చెయ్యి కాగితం మీద గీసి, కత్తిరించి తేవాలి. అన్నీ కలిపి గోడ మీద ఒక పెద్ద చెట్టు చేస్తానంది.

మా నాయన ఫ్యాక్టరీలో ఇనప రేకులు నొక్కే ప్రెస్ మిషన్ మీద పని చేసేవాడు. ఆ మిషన్‌లో కుడిచేతి రెండు వేళ్లు పోయి అప్పటికి నాలుగు నెలలు. ఎవరొచ్చినా ఆ చేతిని తువ్వాలు కింద దాచుకునేవాడు. ఆ ఆదివారం మధ్యాహ్నం ఆయన నిద్రపోతుంటే, తువ్వాలు మెల్లగా తీసి, చెయ్యి కింద నీలం కాగితం పెట్టి పెన్సిలుతో గీశాను. చూపుడువేలు, నడిమివేలు ఉండాల్సిన చోట పెన్సిలు చటుక్కున పక్కకు దాటిపోయింది. ఆ గీత మీదే జాగ్రత్తగా కత్తిరించాను.

మరుసటిరోజు టీచరు అందరి కాగితాలూ చూస్తూ నా దగ్గర ఆగింది. దాన్ని పైకెత్తి తరగతికంతా చూపించింది.

"చూడండ్రా, దీన్ని చెయ్యంటారా? రెండు వేళ్లు యాడ పోయినాయి పాపా? కత్తెర పట్టుకొని దిక్కులు చూస్తా ఉన్నావా?"

పిల్లలంతా గొల్లున నవ్వారు.

"మిషన్‌లో పోయినాయి టీచర్" అన్నాను. "అది మా నాయన చెయ్యి."

నవ్వు ఆగిపోయింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది టీచరుకు. కాసేపటికి కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని దించింది. నా బల్ల పక్కన నేల మీదే కూర్చుంది. టీచరు నేల మీద కూర్చోవడం మేమెవరమూ ఎప్పుడూ చూడలేదు.

"అడగకుండానే అరిచేసినాను. తప్పు నాది పాపా" అంది, చివరి వరుసకు కూడా వినబడేలా. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. పెద్దవాళ్లు పిల్లలతో అలా అనడం నేనెప్పుడూ వినలేదు.

ఆ సాయంత్రం బేరిగై బస్సు వదులుకుని నాతో మా ఇంటికొచ్చింది. జరిగింది దాచకుండా చెప్పి, కాగితం నాయన ముందు పెట్టింది. "గోడకు అంటించేదానికి మిమ్మల్ని అడగాలని వచ్చినానప్పా."

నాయన చెయ్యిని తువ్వాలు కిందకు లాక్కున్నాడు. "నేను నిద్రపోతా ఉంటే గీసినావా?" అన్నాడు నాతో. తిట్టి ఉంటే బాగుండేది. టీచరు వైపు తిరిగి, "వద్దమ్మా. అందరూ చూసేదానికి నా చెయ్యే దొరికిందా" అన్నాడు.

టీచరు బలవంతపెట్టలేదు. కాగితం ఆయన దగ్గరే వదిలి వెళ్లింది. గోడ మీద చెట్టు లేచింది. కొమ్మ మధ్యలో ఒక్క చోటు మాత్రం ఖాళీ. పిల్లలు అడిగితే "అది ఒకాయన చోటు. ఇస్తే పెడదాం, ఇయ్యకపోతే అట్లే ఉంటాది" అనేది.

నెల తర్వాత నన్ను పిలుచుకుపోవడానికి నాయన బడికొచ్చాడు. ఆ గోడ ముందు ఆగి, ఖాళీని చూశాడు. టీచరు అన్న మాట ఆయనకు చెప్పాను. మరుసటి ఉదయం నా పుస్తకాల సంచిలో తానే నీలం చెయ్యి పెట్టాడు. "బొటనవేలు మరీ లావు చేసినావు. టీచరుకు చెప్పు, నా చెయ్యి అంత మోటు గాదని" అన్నాడు. అమ్మ పొయ్యి ముందు కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. అయిదు నెలల తర్వాత ఆ ఇంట్లో విన్న మొదటి పరిహాసం అది.

ఇప్పుడు నేను కృష్ణగిరిలో ఒక ఆసుపత్రిలో నర్సును. కట్టు విప్పేముందు "చూడొచ్చునా?" అని అడుగుతాను. తోటివాళ్లు నవ్వుతారు. అయినా నాకూ ఓపిక తప్పే రోజులున్నాయి. మొన్న కావేరిపట్టణం నుంచి వచ్చిన ఒక ముసలాయన ఎన్నిసార్లు చెప్పినా మాత్ర వేసుకోలేదని అందరి ముందూ కసిరాను. ఆయనకు చెవులు సరిగా వినబడవని పక్క మంచం ఆమె చెప్పింది. మాత్రల పళ్లెం పక్కన పెట్టాను. వెళ్లి ఆయన మంచం పక్కన కూర్చున్నాను. మెల్లగా చెబితే ఆయనకు వినబడదు. అందుకే వార్డంతా తలతిప్పి చూసేలా, గొంతెత్తి అన్నాను: "తప్పు నాది తాతా!"