తలుపు ముడుచుకుపోయిన పంజరం

చిలక చేత పథ్యం చెప్పించుకుని, దాని ఎదురుగా బుద్ధిగా కూర్చుని తిని, చిక్కి సగమైన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన మా మామయ్య. నమ్మకపోతే ఆయన పాత ప్యాంటు చూపిస్తాను. అందులో ఇప్పుడు ఆయనా నేనూ పట్టగా, కాస్త సర్దుకుంటే మా అత్తయ్యకీ చోటుంటుంది.

మామయ్య దర్జీ. ఆయన కొట్టు బస్టాపు ఎదురుగా, మందుల షాపుకీ చెప్పుల షాపుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ముందు కుట్టుమిషను, వెనక కత్తిరింపు బల్ల, మూలన తెర కట్టిన ట్రయల్ గది. కిటికీ దగ్గర పంజరంలో బొత్తాం అనే చిలక. దాని కళ్ళు కోటుకి కుట్టిన నల్ల బొత్తాల్లా ఉంటాయని ఆ పేరు.

కత్తెర పట్టడంలో మామయ్య ఎంత గట్టివాడో మర్యాదలో అంతకన్నా గట్టివాడు. ఆయన కొట్టులో ఇంతవరకు ఒక్కరూ లావెక్కలేదు. నిరుడు కుట్టిన కోటు తెచ్చుకుని, బొత్తాలు అందక ఊపిరి బిగబట్టి నిలబడ్డ మనిషితోనైనా ఆయన ఒకటే అనేవాడు: "ఉతుకులో బట్ట ముడుచుకుపోయింది సార్." ఆ మనిషి అటు వెళ్ళగానే చప్పుడు లేకుండా పక్క కుట్లు విప్పి, లోపల మడిచిన బట్ట వదిలేవాడు. వేసుకుని చూసుకున్న ప్రతివాడితోనూ "బాగుంది, బాగుంది" అనేవాడు. బొత్తాం నేర్చుకున్నదీ ఆ ఒక్క ముక్కే.

పంజరం పక్కన పొద్దుతిరుగుడు గింజల డబ్బా ఉండేది. కొలతలిచ్చినవాళ్ళు ఓ గింజ, ట్రయల్ చూసుకున్నవాళ్ళు ఓ గింజ, బస్సు రాలేదని లోపలికి దూరినవాళ్ళు ఏకంగా గుప్పెడు పెట్టేవాళ్ళు. బొత్తాం "బాగుంది, బాగుంది" అనేది. తన కొత్త చొక్కానే మెచ్చుకుందనుకుని ఆ పెద్దమనిషి ఇంకో గింజ పెట్టేవాడు.

ఒకరోజు పంజరం తలుపు తీస్తే, బొత్తాం బయటికి రాబోయి సగంలో ఇరుక్కుపోయింది. మామయ్య దాన్ని కాసేపు తేరిపార చూశాడు.

"తలుపు ముడుచుకుపోయింది," అన్నాడు.

పటకారు తెచ్చి, అచ్చం నడుము వదులు చేసినట్టే, అటో ఊచ ఇటో ఊచ వంచి వెడల్పు చేశాడు.

"మామయ్యా, ఇనుముని ఉతుక్కి వేశావా?" అన్నాను.

"నోర్ముయ్‌రా. దానికి వినపడుతుంది."

ఆ మర్యాదే కొంప ముంచింది. కొన్నాళ్ళకి బొత్తాం కిటికీ నుంచి బల్ల మీదకి ఎగరబోయి, సగం దారిలో కత్తిరింపు పేలికల్లో పడింది. ముక్కు తెరుచుకుని రొప్పుతోంది. ఊపిరి ఊపిరికీ తోక కొట్టుకుంటోంది. మామయ్య మెడలో టేపుతోనే దాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని పక్షుల డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాడు.

డాక్టరమ్మ తువ్వాలుతో దాన్ని పట్టుకుని ఛాతీ తడిమింది. "ఇక్కడ మధ్యలో ఎముక వేలికి తగలాలి. నాకు దిండు తగులుతోంది. ఈ ముక్కు ఇలా సాగి మచ్చలు పడిందంటే కాలేయం మీద అనుమానం." రక్తపరీక్ష, ఎక్స్‌రే అయ్యాక తేల్చి చెప్పింది. "కాలేయానికి కొవ్వు పట్టింది. ఏం పెడుతున్నారు?"

"గింజలమ్మా. ఇంకేం ముట్టదు."

"గింజంటే సగం నూనే. పొద్దంతా ఎగిరే పక్షయితే అరాయించుకుంటుంది. మీది ఎక్కడికి ఎగురుతుంది?"

"కిటికీ నుంచి బల్ల దాకా."

"ఇలాగే మేపితే ఆ ప్రయాణమూ ఉండదు. బతకదండీ."

కూరగాయలు, కాసిని ఆకుకూరలు, చిలకల కోసం చేసిన గుళికల మేత పెట్టమంది. గింజలు ఒక్కసారి మానిపిస్తే పస్తుండి చచ్చిపోతుందట. మెల్లమెల్లగా తగ్గిస్తూ, రోజూ పొద్దున్నే బరువు తూచమంది.

బొత్తాం క్యారెట్ ముక్కని ఒకాయన తెల్ల ప్యాంటు మీదకి విసిరింది. గుళికల్ని కాలితో తన్నింది. గింజలు తగ్గేసరికి ఈకలు ఉబ్బించుకుని, ఉలుకూ పలుకూ లేకుండా ఓ మూల కూర్చుంది. 'బాగుంది' అన్న మాట కొట్టులోంచే పోయింది. మామయ్య సూది బట్టలో కన్నా వేలిలోనే ఎక్కువ దిగుతోంది. చివరికి డాక్టరమ్మకి ఫోన్ చేశాడు.

"చిలకలు గుంపుగా తింటాయండీ. గుంపులో వాళ్ళు తినేదాన్నే నమ్ముతాయి. మీ దానికి గుంపెవరు?"

మామయ్య కొట్టంతా ఓసారి చూసుకున్నాడు. "నేనేనమ్మా."

"మరి మీరేం తింటారు?"

మామయ్య మిషను వైపు చూశాడు. దాని మీద క్రీమ్ బన్ను, పక్కన టీ. పక్కనే ఉండి ఫోన్‌లో మాట విన్న అత్తయ్య పగలబడి నవ్వింది.

"ఇన్నేళ్ళూ చిలక్కి చెప్పినట్టు చెప్పాను, విన్నారా? ఇప్పుడు తినండి!"

ఆ రోజు నుంచి మామయ్య పంజరం ఎదురుగా స్టూలేసుకుని పచ్చి క్యారెట్ కరకర నమిలాడు. ఆ శబ్దానికి అవతల బస్సులు ఆగేవంటే మీరు నమ్మాలి. బొత్తాం మాత్రం ఆయన మొహం చూసి ఇంకాస్త వెనక్కి జరిగేది.

"ఆముదం తాగిన మొహం పెట్టుకుని తింటే నేనైనా తినను," అంది అత్తయ్య. "కాస్త నచ్చినట్టు తినండి."

మామయ్య కళ్ళు మూసుకుని, కొత్త చొక్కాని మెచ్చుకునే గొంతుతో "బాగుంది, బాగుంది" అని, ఇంకో ముక్క పళ్ళ మధ్య పెట్టుకుని ఊచల దగ్గరికి వంగాడు. బొత్తాం తల వంచి విన్నది. కర్ర మీద అడుగులో అడుగేసుకుంటూ వచ్చి, ఊచల సందులోంచి ముక్కు చాచి, ఆయన పళ్ళ మధ్య ఉన్న ముక్కని లాక్కుంది. నమిలింది. మామయ్య కదల్లేదు, మూతి కూడా తుడుచుకోలేదు.

మర్నాడు ఓ పాత గిరాకీ కోటు వదులు చేయించుకోడానికి వచ్చి, అలవాటుగా గింజల డబ్బా అందుకున్నాడు.

"వద్దు సార్," అన్నాడు మామయ్య. "అది లావెక్కింది."

ఆ కొట్టులో ఆ మాట పుట్టడం అదే మొదలు. గిరాకీ చెయ్యి డబ్బాలోనే ఆగిపోయింది. మెల్లగా తన పొట్ట చూసుకున్నాడు.

"మరి నా కోటు?"

"మీది ఉతుకే సార్."

బొత్తాం ఇప్పుడు ట్రయల్ గది తెర దాకా ఎగిరి, లోపలున్నవాళ్ళని పైనుంచి చూసి "బాగుంది" అంటోంది. పంజరం ఊచలు మళ్ళీ నిటారుగా నిలబడ్డాయి. మామయ్య తన ప్యాంటు నడుము తానే బిగించుకుంటుంటే పట్టుకుని, నేను రాసిన ఇదంతా ఆయనకి చదివి వినిపించాను. నోట్లో గుండుసూదులు తీసి బల్ల మీద పెట్టి, ఆయన అన్నదిది:

"చిలక ఎవరికీ పథ్యం చెప్పలేదురా. తప్పు మేత పెట్టింది నేను, మార్పించింది డాక్టరమ్మ. ఇక నేనేం చిక్కలేదు. బట్ట సాగింది."