జెముడుకాకుల మావయ్య

మా మావయ్య పోయారని పోయిన నెల ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్య లేడే" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. పొద్దున్నే కాఫీ తాగి, వాలుకుర్చీలో కూర్చుని, అలాగే ఉండిపోయారట. రాజమండ్రి నుంచి అంబాజీపేటలో మావయ్య ఇంటికి వెళ్లేదాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను.

ఆయన అమలాపురంలో జంతుశాస్త్రం లెక్చరరు. పెళ్లి చేసుకోలేదు. నాన్న పోయాక అమ్మ ఇంటిపనికి కువైట్ వెళ్తూ, నడక కూడా సరిగ్గా రాని నన్ను ఆయన చేతిలో పెట్టింది. జడ అల్లడం తెలియని ఆ మనిషి నా జుట్టుతో పడ్డ అవస్థ తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

మావయ్యకు జెముడుకాకులంటే ప్రాణం. నల్లటి ఒళ్లు, ఇటుకరంగు రెక్కలు, ఎర్రటి కళ్లు. కాలవగట్టున మొగలిపొదల్లోంచి అది దర్జాగా నడిచొస్తే, బయల్దేరిన పని అవుతుందని మావాళ్ల నమ్మకం. పరీక్షల రోజుల్లో కాలేజీ పిల్లలు ఆ పొదల చుట్టూ తిరిగేవారు.

"శకునం తర్వాత చూసుకుందురుగాని, ముందు వర్గీకరణ చూసుకోండ్రా!" అని కసిరేవారు మావయ్య. "పేరుకే అది కాకి. కుటుంబం కోకిలది. అలాగని కోకిలలా పరాయి గూట్లో గుడ్డు పెట్టదు, తన పిల్లల్ని తనే సాక్కుంటుంది. వెనకవేలికి పొడుగాటి గోరుంటుంది చూడండి, ఆ ప్రజాతికి, అంటే జీనస్‌కి, అదే గుర్తు."

ఇంట్లో గోడకు ప్రపంచపటం ఉండేది. ఆ ప్రజాతి పక్షులున్న చోటల్లా ఆకుపచ్చ పెన్సిలుతో రంగు వేశారు. ఆఫ్రికా, మన దేశం, ఇండోనేషియా దీవులు, ఆస్ట్రేలియాలో కొంత. అమెరికాల వైపు అసలు లేదు. కువైట్ కూడా తెల్లగానే ఉండేది.

"అమ్మ దగ్గర ఎందుకు లేవు?" అని అడిగాను.

"అక్కడ పొదల్లేవమ్మా, నత్తల్లేవు. ఏం తిని బతుకుతాయి?" అని, పటంలో ఆ తెల్లచోటు వేలితో తుడిచి, "మీ అమ్మ బతుకుతోంది. అది గట్టిది" అన్నారు.

ఈ పక్షుల్లో పిల్లల పెంపకం చాలావరకు మగదాని మీదే పడుతుందని ఇంటర్లో మాకు ఆయనే చెప్పారు. క్లాసంతా నావైపు తిరిగి ముసిముసిగా నవ్వింది. మావయ్య బోర్డు వైపు తిరిగి బొమ్మ గీస్తూ ఉండిపోయారు.

అమ్మ మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు నేను ఆవిణ్ణి ఆంటీ అని పిలిచి, మావయ్య వెనక దాక్కున్నానట. మర్నాడే ఆయన బట్టలు సర్దుకుని ఆలమూరులో స్నేహితుడింటికి వెళ్లిపోయారు. నేను అమ్మకు మాలిమి కావాలని. అమ్మ తిరిగి విమానమెక్కేదాకా ఇంటి ఛాయలకు రాలేదు. ఆ సంగతి వాళ్లిద్దరూ ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. నేనెవరి పిల్లనన్నది మా ఇంట్లో మాటల్లోకి రాకుండా ఉండిపోయింది.

పదోరోజు కాలవగట్టున పిండం పెట్టాం. కాకులు కొబ్బరిమట్టల మీద కూర్చున్నాయి గాని దిగలేదు. పోయినవారి మనసులో ఏదో ఉండిపోతే ముట్టవంటారు. "తోట చూసుకుంటామండీ" అన్నారొకరు. "పుస్తకాలు కాలేజీకి ఇచ్చేస్తామండీ" అన్నారింకొకరు. కాకులు కదల్లేదు. ఇంతలో పొదల్లోంచి జెముడుకాకి ఒకటి నడుచుకుంటూ వచ్చింది.

"వచ్చేసేరండీ మేష్టారు! ఇదీ కాకేగదండీ?" అన్నారు పక్కింటి తాతగారు.

"ఆయ్, పేరులో ఉందిగదండీ, సరిపోతుంది" అన్నారు పంతులుగారు, ఎండకు తాళలేక.

"కాదండీ. అది కోకిల కుటుంబం" అనేశాను. మావయ్య ఉంటే తన కర్మలో కూడా ఆ తప్పు సాగనిచ్చేవారు కాదు. జెముడుకాకి విస్తరి వైపు చూడనైనా చూడలేదు. గడ్డిలో ఒక నత్తను పట్టుకుని వచ్చిన దారినే పోయింది.

అప్పుడు అమ్మ ముందుకొచ్చింది.

"అన్నయ్యా, పిల్ల నీదే. నేను కన్నానంతే. ఆ రోజు నువ్వు ఆలమూరు ఎందుకెళ్లేవో నాకు తెలుసు. చెప్పడానికి నోరు రాలేదురా."

కాకులు ఎప్పుడు వాలాయో నేను చూడలేదు. పంతులుగారు అయిందన్నారు, అందరూ స్నానాలకు కదిలారు. ఖాళీ విస్తరి ముందు అమ్మ ఇంకా అన్నయ్యతో మాట్లాడుతూనే ఉంది.