అద్దె ఇంటికి అవ్వ సిఫారసు

పాప నెలల పిల్లగా ఉన్న ఆ రోజుల్లో నాకు భయపడటం తప్ప వేరే పని ఉండేది కాదు. పాప ఏడిస్తే భయం, ఏడవకపోతే ఇంకా భయం. (ఇప్పుడు తగ్గిందని కాదు, దానికి నాలుగేళ్ళొచ్చాయి కాబట్టి నా భయాలు కూడా కాస్త పెద్దవయ్యాయి.) అది చాలదన్నట్టు, తిరుపతిలో మేముంటున్న పోర్షను నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమన్నారు. ఏ ఇంటికి వెళ్ళినా, చంకలో పాపను చూడగానే మాట మార్చేవాళ్ళు. చివరికి మిగిలింది పరుపుల అంగడి వాళ్ళ మేడ మీది ఇల్లు ఒక్కటే. ఆ ఇంటామెను అందరూ బీబమ్మ అంటారు. ఆమె భర్తకు నిద్ర సరిగా పట్టదట, గోల చేసే పిల్లలుంటే ఇల్లు ఇవ్వరట. మా పాప రాత్రిళ్ళు అందుకుంటే వీధి చివర కుక్కలు వంత పాడేవి.

పాపను చూడ్డానికి మా అవ్వ అప్పుడే పూతలపట్టు నుంచి వచ్చి ఉంది. ఆమెకు ఒక అలవాటు. తన పిల్లల్ని ఎవరైనా మెచ్చుకుంటే దిష్టి తగులుతుందని, వెంటనే ఏదో ఒక వంక చెప్పి ఆ మెప్పును కొట్టేసేది. నేను డిగ్రీ ఫస్టు క్లాసులో పాసయ్యానని వీధంతా సంతోషిస్తే, దీనికి ఇంకా గంజి వార్చడం రాదని ఇంటింటికీ చెప్పి వచ్చింది. అందుకే బయల్దేరే ముందు చేతులు పట్టుకుని బతిమాలాను, అక్కడ నోరు తెరవొద్దని. నాకేం పని తల్లీ అని ఒప్పుకుంది.

బీబమ్మ నన్నూ మా ఆయన్నీ అవ్వనూ మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇచ్చింది. పాప నా గాజులు నములుతూ ఎన్నడూ లేనంత బుద్ధిగా ఉంది. టీ అయ్యేదాకా ఇలాగే ఉంటే చాలని నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. అంతలో బీబమ్మ పాప బుగ్గ తాకి, "ఎంత బుద్ధిమంతురాలమ్మా, సప్పుడే లేదు" అంది.

అవ్వ గ్లాసు కింద పెట్టింది.

"ఇదా బుద్ధిమంతురాలు? తెల్లవార్లూ ఒగటే ఏడుపు. ఎత్తుకుంటే ఒగ రాగం, దించితే ఒగ రాగం. సుట్టుపక్కల ఎవురికీ నిద్దరుండదు."

నేను మెల్లగా ఆమె కాలు నొక్కాను. ఎందుకు మే కాలు తొక్కతావుండావు అని పైకే అడిగింది. మా ఆయన తలెత్తి, బేరం చెయ్యడానికి వచ్చినవాడిలా సీలింగు ఫ్యానును పరీక్షించడం మొదలుపెట్టాడు. లోపలి గదిలోంచి ఆమె భర్త దగ్గు వినిపించింది. సామాన్లతో, పాపతో రోడ్డు మీద నిలబడ్డట్టు నా కళ్ళకు కట్టింది.

మళ్ళీ అవ్వే మాట్లాడింది, ఈసారి మర్యాద కోసం. "ఇల్లు మాత్రం అద్దం మాదిరి పెట్టుకోనుండావు తల్లీ."

బీబమ్మ ముఖంలో కంగారు కనిపించింది. "యాడమ్మా, వానొస్తే పైన వంటింట్లో కారతాది. మా ఆయన రాత్రంతా దగ్గతానే ఉంటాడు, మీకే నిద్దరుండదు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో నేను గమనించలేదు. నజర్, అదే దిష్టి, అంటే తనకూ భయమేనని, చిన్నప్పుడు తనను ఎవరైనా అందంగా ఉన్నావంటే వాళ్ళమ్మ అక్కడికక్కడే తిట్టిపోసేదని బీబమ్మ చెప్పింది. ఇంకో విడత టీ వచ్చింది, దాంతోపాటు తాళం చెవి.

నాకు కోపం మాత్రం చల్లారలేదు. ఇల్లు పోయుంటే ఏం చేసేవాళ్ళమని తిరిగొచ్చేటప్పుడు ఆటోలో గొడవపడ్డాను.

"ఇల్లు పోతే ఇంగొగటి సూసుకుంటారు మే," అంది అవ్వ, పాప నెత్తి నిమురుతూ. "బిడ్డకేమన్నా అయితే యాడ సూసుకుంటారు?"

మేము చేరిన తొలి రాత్రే వాన పడింది. వంటింట్లో కారింది, కింద ఆయన దగ్గాడు, పైన పాప అందుకుంది. ఇద్దరు ముసలమ్మల్లో ఒక్కరు కూడా అబద్ధం ఆడలేదు. పొద్దున బీబమ్మ పైకొచ్చి ఒక బక్కెట్టు ఇచ్చి వెళ్ళింది.

మొన్న ఎండాకాలంలో అవ్వ పోయింది. ఆటోలో గొడవపడ్డాక మొహం అటు తిప్పుకుని, మిగిలిన దారి పొడుగునా ఆమెతో మాట్లాడకుండా కూర్చున్న ఆ పిల్లతల్లిని తలుచుకుంటే నాకిప్పుడు నవ్వొస్తుంది. పక్కన అవ్వ ఉండగా అలగడానికి ఎంత తీరిక ఉండేదో నాకప్పుడు.