ఖాసింబీ పిన్ని ఏడ్చింది సినిమా కోసం కాదు

నిన్న పొద్దున ఖాసింబీ పిన్ని కూతురు రెహానా ఫోన్ చేసింది.

"సుధా, అమ్మ లేదే" అంది. అంతే. ఆ తర్వాత ఒకటే ఏడుపు.

కత్తెర ఇంకా చేతిలోనే ఉంది. కుట్టాల్సిన జాకెట్లు అలాగే వదిలేసి, షాపు షట్టర్ దించి నరసరావుపేట బస్టాండుకు పరిగెత్తాను.

మొన్న సాయంత్రం కూడా మాట్లాడింది పిన్ని. మందులు వేసుకున్నావా అని నేను అడగాల్సింది పోయి, "అన్నం తిన్నావా, మళ్లా మిషన్ మీదే కూలబడ్డావా" అని నన్నే తిట్టింది. నాకు మిషన్ తొక్కడం నేర్పిందే ఆమె.

దాచేపల్లి బస్సు ఎక్కాక ఫోన్ చూశాను. మా టెన్త్ బ్యాచ్ గ్రూపులో అప్పటికే వార్త వచ్చేసింది. రెహానా వాళ్ల అమ్మగారు పోయారని. కింద అన్నీ దండాలు, RIPలు.

వాటి మధ్యలో ఒకడు స్టిక్కర్ పెట్టాడు.

రెండు చేతులతో తల బాదుకుంటూ, నోరు తెరిచి ఏడుస్తున్న ఆడమనిషి. మీ అందరి ఫోన్లలోనూ ఉంటుంది.

ఆ ఆడమనిషి ఖాసింబీ పిన్నే. పెట్టినవాడికి ఆ సంగతి తెలియదు.

తెలియాలనే ఇది రాస్తున్నాను.

దాచేపల్లిలో మా పక్కిల్లే వాళ్లది. బాబాయి సున్నపురాయి లారీ నడిపేవాడు. రెహానా, నేనూ పుట్టకముందు పిన్నికి ఒక పాప. జ్వరం ముదిరితే గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నారు. దారిలో, బస్సులోనే, పిన్ని ఒళ్లోనే పోయింది.

ఆ పాపకు ఒక్క ఫోటో లేదు. ఆ రోజుల్లో మా వీధిలో చంటిపిల్లలకు ఫోటోలు తీయించిందెవరు?

తర్వాత కొన్నాళ్లకే ఊరి పక్కన, ఆ స్టిక్కర్ బొమ్మ ఉన్న సినిమా షూటింగ్ జరిగింది. శవం చుట్టూ కూర్చుని ఏడ్చే ఆడవాళ్లు కావాలన్నారు. ఇంట్లో ఒక్కతే కుమిలిపోతోందని మా అమ్మ పిన్నిని కూడా వెంట తీసుకెళ్లింది.

కెమెరా ముందు అందరూ సిగ్గుపడి నవ్వుతున్నారట. పిన్ని మాత్రం ఆ తెల్లగుడ్డ కప్పిన మనిషిని చూసి కూలబడిపోయింది. కట్ అన్నా ఆగలేదు. నలుగురు పట్టుకుని లేపాల్సి వచ్చిందని అమ్మ చెప్పేది.

ఆ షాట్ సినిమాలో ఉంచేశారు.

ఆ సినిమా తర్వాత ఎంత పెద్దదైందో మీకు నేను చెప్పక్కర్లేదు. దాని డైలాగ్ లేకుండా మన దగ్గర ఎలక్షన్ ఫ్లెక్సీ పడదు. పెళ్లిలో డీజే మోగదు. దాన్ని చూసి ఎన్ని సినిమాలు తీశారో లెక్కే లేదు.

ఇక పిన్ని ఏడుపు. కామెడీ షోల్లో మగాళ్లు చీరలు కట్టుకుని అలాగే ఏడ్చారు. మ్యాచ్ ఓడిపోతే ఆ ఏడుపే. ఇంటర్ ఫెయిలైతే ఆ ఏడుపే.

పిన్నికి ఇవేమీ తెలియవు. ఆమెది బటన్ ఫోన్. టీవీలో అలాంటివి వస్తే రెహానా గబుక్కున ఛానల్ మార్చేసేది. అసలు సినిమా వస్తే మాత్రం పిన్ని పని ఆపి మరీ కూర్చునేది.

"నా బిడ్డ కోసం ఏడ్చిన ఏడుపే అది. ఆ పిల్ల ఈ లోకంలో ఉండిందనేదానికి నాకు అదొక్కటే మిగిలింది" అనేది.

పోయినేడు ఆ సినిమాను మళ్లీ రిలీజ్ చేశారు. "పెద్ద తెర మీద ఒక్కసారి చూపించండే" అంది. రెహానా, నేనూ కలిసి నరసరావుపేటలో థియేటర్‌కు తీసుకెళ్లాం. రంజాన్‌కు నేను కుట్టిచ్చిన జాకెట్ వేసుకుని వచ్చింది.

ఆ సీన్ వచ్చింది.

హాలంతా లేచి నిలబడింది. సెల్ లైట్లు, చించి విసిరిన కాగితాలు. అందరూ తలలు బాదుకుంటూ ఒకే రాగంలో ఏడుపు అందుకున్నారు. ఆ రాగం కూడా పిన్నిది కాదు, మద్రాసులో ఎవరో డబ్బింగ్ చెప్పింది.

పిన్నికి తెర కనపడలేదు. ముందు అన్నీ వీపులే.

పక్క సీటు కుర్రాడి చొక్కా పట్టుకుంది. "ఏంది బాబూ, నవ్వుతుండారు? అది నేనే."

వాడు తెర వంక చూశాడు. పిన్ని వంక చూశాడు. "రేయ్, ఒరిజినల్ ఆంటీ ఇక్కడే ఉందిరా!"

ఫోన్లన్నీ మా వైపు తిరిగాయి. "ఆంటీ, ఒక్కసారి ఏడవండి ఆంటీ. ప్లీజ్ ఆంటీ."

"అప్పుడు నా బిడ్డ చచ్చిపోయింది నాయనా" అంది పిన్ని.

విజిల్స్‌లో వాళ్లకు వినపడలేదు. నాకు వినపడింది.

ఇంటర్వెల్ దాకా కూడా ఉండలేదు మేము. ఆ తర్వాత టీవీలో ఆ సినిమా వస్తే పిన్నే లేచి కట్టేసేది. ఎందుకమ్మా అని రెహానా అడిగితే, "అది ఇప్పుడు నా ఏడుపు కాదులేవే" అంది.

బిడ్డకు గుర్తుగా ఉన్నది అదొక్కటే. అభిమానం పేరు చెప్పి దాన్ని కూడా లాక్కున్నారు.

నిన్న కూడా వదల్లేదు. జనాజా లేవకముందే ఊళ్లో పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. "సెంటర్‌లో పెద్ద ఫ్లెక్సీ వేయిస్తామమ్మా, ఆ సీన్ ఫోటోతో. మన ఊరికి చానా పేరు తెచ్చిన మనిషి" అన్నాడు.

రెహానా తల ఎత్తింది. "మా అమ్మ పేరేందో చెప్పు ముందు."

ఆయనకు తెలియదు.

ఆమె పేరు షేక్ ఖాసింబీ. ఆమె పెద్దకూతురి పేరు షాహీనా.

వెళ్లిరా పిన్నీ. ఇక నిన్ను ఎవరూ ఏడవమని అడగరు. నీ పిల్లను ఒళ్లో వేసుకుని నెమ్మదిగా నిద్రపో.