గుర్తుపట్టలేనన్న సాక్షి

2023 జూన్. క్రిమినాలజీ, క్రిమినల్ జస్టిస్‌లో ఎం.ఏ. రెండో ఏడాది చదువుతున్నాను. ఇల్లు నేరేడ్‌మెట్‌లో. అంతకుముందు అయిదేళ్లు ఒక ల్యాబ్ కౌంటర్లో రక్తపరీక్షల రిపోర్టులు అందించే ఉద్యోగం చేసి, ఇరవై ఎనిమిదో ఏట మళ్లీ కాలేజీలో చేరాను. "గీ వయసుల దొంగల గురించి చదువుడేందే?" అని మా అమ్మ అంటూ ఉండేది. నిజానికి నాకు ఆసక్తి దొంగల మీద కాదు, దొంగతనానికి గురైనవాళ్ల మీద. ఆ విభాగాన్ని విక్టిమాలజీ అంటారు. నేరం జరిగాక బాధితులకు స్టేషన్లో, ఆసుపత్రిలో, కోర్టులో ఏమేం ఎదురవుతాయో పరిశీలించే చదువు అది. నా డిసర్టేషన్, అంటే డిగ్రీ కోసం రాసే పరిశోధన వ్యాసం, అలాంటివాళ్ల అనుభవాల మీదే.

అలా కలిసినవాళ్లలో నసీమా బేగం ఒకరు. పేరు మార్చాను. సీతాఫల్‌మండిలో చీరలకు ఫాల్స్ కుట్టి, పీకో చేసే చిన్న దుకాణం ఆమెది. వయసు యాభై దాటింది. నేను కలిసేనాటికి ఏడు నెలల ముందు చిలకలగూడలో చెల్లెలి ఇంటికి నడిచి వెళ్తుంటే, పట్టపగలు ఎవడో ఎదురుగా వచ్చి మెడలోని నల్లపూసల గొలుసు తెంపుకుని పారిపోయాడు. ఆమె కిందపడింది. కుడి మణికట్టు విరిగింది. ఎముక అతికింది కానీ చెయ్యి మునుపటిలా తిరగదు.

పోలీసులు ఒక యువకుడిని పట్టుకున్నారు. గొలుసు దొరకలేదు, ఇంకో సాక్షి లేడు. ఉన్న ఆధారమల్లా టెస్ట్ ఐడెంటిఫికేషన్ పరేడ్. అనుమానితుణ్ణి అదే వయసు, అదే పోలిక ఉన్న మరికొందరితో కలిపి జైల్లో వరుసగా నిలబెడతారు. మేజిస్ట్రేటు సమక్షంలో సాక్షి గుర్తుపట్టాలి. నసీమా బేగం ఆ యువకుణ్ణే చూపించింది. అప్పటినుంచీ అతను జైల్లోనే ఉన్నాడు.

నేను దుకాణంలో స్టూలు మీద కూర్చుని, సమ్మతి పత్రం మీద సంతకం తీసుకుని, నా ప్రశ్నలు మొదలుపెట్టాను. ఆమె మిషను ఆపకుండానే జవాబులు చెబుతోంది.

"పరేడ్ రోజు భయమైందా ఆంటీ?"

"భయం గాలే బేటా. ఆ మొహం ముందుగాల చూసిందే గదా."

"గొలుసు తెంపినప్పుడా?"

"కాదు. పరేడ్‌కు నాలుగు రోజుల ముంగట ఒక కానిస్టేబుల్ వచ్చిండు. ఫోన్ల ఫొటో జూపెట్టి వీడేనా అమ్మా అన్నడు. అయ్యుండొచ్చు అన్న."

నా పెన్ను ఆగిపోయింది. క్లాసులో చదివిన పాఠమే ఎదురుగా కూర్చుని మాట్లాడుతోంది. మనిషి జ్ఞాపకం ఉన్నది ఉన్నట్టు ఉండిపోదు. తర్వాత చూసిన మొహం ముందు చూసిన మొహం స్థానంలోకి వచ్చి కూర్చుంటుంది, ఆ మార్పు మనకే తెలియదు. ఆ సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే ఆమె సాక్ష్యం నా సాక్ష్యం అయిపోతుందేమోనని ఊరుకున్నాను.

ఆమే మిషను ఆపింది. పక్కనున్న ఆకుపచ్చ చీర అంచు పట్టుకుని చూపించింది.

"దీనికి దారం కలపాలంటె బయటికి తీస్కపోయి ఎండల చూస్తా. లోపల ఒక తీరుగుంటది, బయట ఇంకో తీరు. చీరకే గట్ల చూస్తె, ఆ గొలుసు తెంపినోన్ని నేను ఎంతసేపు చూసిన? రెప్పపాటు. పరేడ్ అయినప్పటి సంది ఇదే పరేషాన్. మా ఆయనకు చెప్తె, చెప్పిందే చెప్పు, మాట మారిస్తె నీ మీదనే కేసు వెడ్తరన్నడు. నిజంగ వెడ్తరా?"

"నాకు తెల్వదు ఆంటీ. కనుక్కొని చెప్తా," అన్నాను.

మర్నాడు మా గైడ్ మేడమ్ దగ్గరికి వెళ్లాను. అంతా విని ఆమె అన్నారు: "నీ నోట్సు ఎవరికీ చూపించకు. ఆమె నిన్ను నమ్మి చెప్పింది. కోర్టులో ఏం చెప్పాలో నేర్పకు. అడిగినదానికి మాత్రం జవాబు తెలుసుకుని చెప్పు."

"అంతేనా మేడమ్? ఒక మనిషి జైల్లో ఉన్నాడు."

"అందుకే అంతే. నువ్వు చెప్పించావని తేలితే ఆమె మాటకు విలువ ఉండదు. దానివల్ల నష్టపోయేది అతనే."

ఆ మాటలకు నాకు కోపం వచ్చింది. బస్సు సికింద్రాబాద్ చేరేసరికి మేడమ్ చెప్పింది సరైనదేనని అర్థమైంది. ఉచిత న్యాయ సహాయం చేసే ఒక లాయరును కలిసి, ఎవరి పేరూ చెప్పకుండా అడిగాను. కోర్టులో తెలిసి తెలిసి అబద్ధం చెప్పడం నేరం, అనుమానం ఉంటే ఉందని చెప్పడం నేరం కాదు అన్నాడాయన. ఆ రెండు ముక్కలే తీసుకెళ్లి నసీమా బేగంకు అప్పజెప్పాను. ఆమె, "వాయిదాకు నువ్వు గూడ వస్తవా?" అని మాత్రం అడిగింది.

మొదటి వాయిదాకు వెళ్తే ఆ రోజు జడ్జి సెలవు. రెండోసారి సాయంత్రం దాకా కూర్చోబెట్టి కేసు పిలవలేదు. రెండుసార్లూ ఆమె దుకాణం మూసి వచ్చింది. పెళ్లిళ్ల సీజను, ఇవ్వాల్సిన చీరలు గుట్టపడి ఉన్నాయి. విసిగిపోయి పరేడ్‌లో చెప్పిందే చెప్పేస్తుందేమో అనుకున్నాను. మూడోసారి నేను వెళ్లేసరికే ఆమె వరండాలో నిలబడి ఉంది.

ప్రభుత్వం తరఫున వాదించే ఏపీపీ, అంటే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, ఫైలు తిరగేస్తూ వచ్చాడు. "ఆ పిలగాన్ని చూపెట్టి ఇతనే అనమ్మా. అయిదు నిమిషాల్ల అయిపోతది."

"సార్, నాకు పక్కా తెల్వదు. ముంగటనే మీకు చెప్తున్న."

"పరేడ్ల చూపెట్టినవ్ గదా?"

"చూపెట్టిన. ఫొటోల చూసినోన్ని చూపెట్టిన."

ఆయన చూపు నా మీద పడింది. "నువ్వెవరు? నువ్వు చెప్పించినవా?"

నేను నోరు తెరిచేలోపే ఆమె అంది: "ఆమె ఒక్క ముక్క చెప్పలే సార్. అడిగింది, రాసుకుంది. గంతే."

లోపల వెనక బెంచీలో కూర్చున్నాను. ప్రమాణం చేయించారు. ముద్దాయిని చూపించి ఇతనేనా అని అడిగారు. ఆమె అతన్ని చాలాసేపు చూసింది.

"ఈయన కాదని చెప్తలేను సార్. ఈయనే అని చెప్పలేను."

ఏపీపీ ఆమెను హాస్టైల్ విట్‌నెస్‌గా ప్రకటించమని కోరాడు. తమ సాక్షే తమకు ఎదురు తిరిగిందని అర్థం. అప్పుడు సొంత సాక్షినే నిలదీసి అడగొచ్చు. ఎవరైనా బెదిరించారా, ముద్దాయి తరఫువాళ్లు కలిశారా అని ఒకదాని మీద ఒకటి అడిగాడు. ఆమె బోను కర్రను రెండు చేతులా పట్టుకుంది. కుడి చేతి వేళ్లు పూర్తిగా ముడుచుకోలేదు.

"నా చెయ్యి ఇరిగింది సార్. నాకు కోపం లేదనుకుంటున్నరా? ఎవరి మీద పడాలె నా కోపం? గది తెల్వకనే గదా పరేషానైతున్న."

అప్పుడు జడ్జి కల్పించుకుని ఫొటో ఎప్పుడు చూపించారో, ఎవరు చూపించారో అడిగి, ఆమె చెప్పినదంతా రికార్డు చేయించారు.

బయటికి రాగానే ముద్దాయి తల్లి ఏడుస్తూ వచ్చి ఆమె కాళ్లకు వంగబోయింది. నసీమా బేగం వెనక్కి జరిగింది.

"నీ కొడుకు కోసం చెప్పలే అమ్మా. నాకు తెల్వదు కాబట్టి చెప్పిన."

రెండు నెలలకు కేసు కొట్టేశారు. ఆ మాట చెప్పడానికి దుకాణానికి వెళ్లాను. ఆమె తలూపింది. "మరి నా గొలుసు తెంపినోడు?" అంది. అతను మరొకడెవడో కావచ్చు, విడుదలైన ఆ యువకుడే కావచ్చు కూడా. ఆ మాటే చెప్పాను. ఆమెకు కోపం వచ్చింది, దాచుకోలేదు. ఆ సాయంత్రం నాకు టీ ఇవ్వలేదు.

ఆమె అనుమతితో, వివరాలు మార్చి, ఈ కేసును నా డిసర్టేషన్‌లో రాశాను. వైవాలో, అంటే దాని మీద జరిగే మౌఖిక పరీక్షలో, ఎగ్జామినర్ అడిగారు: "చివరికి బాధితురాలికి దక్కిన న్యాయం ఏమిటి?" దక్కిందని నేను రాయలేదని చెప్పాను. జరగబోయే తప్పులో ఆమె చెయ్యి లేకుండా చూసుకుంది, అది ఆమె సొంతంగా చేసుకున్న పని అన్నాను.

ఇప్పుడు నేను కోర్టుకు వచ్చే సాక్షులకు తోడుండే ఉద్యోగంలో ఉన్నాను. మొదటిసారి వచ్చినవాళ్లు దాదాపు అందరూ ఒకటే అడుగుతారు, ఏం చెప్పాలి అని. చూసింది చెప్పండి, చూడనిది చూడలేదని చెప్పండి అంటాను. చాలామంది నా మొహంలోకి అనుమానంగా చూస్తారు. అట్లా చెప్పొచ్చా అని మళ్లీ అడుగుతారు. చెప్పొచ్చు అని, లోపలి నుంచి పిలుపు వచ్చేదాకా వాళ్ల పక్కనే కూర్చుంటాను. తెలియదు అనే ఆ ఒక్క మాట అనడానికి ఎంత బలం కావాలో నేను చూశాను.